హ్యాండ్ బ్రేకు పట్టేసిన బండి ఎలా కదిలింది? ఒక అంబాసిడర్ వెనక ఇరుసు కేసు

హనుమకొండలో ఒక పాత కాలనీలో, విశ్రాంత అధ్యాపకులు ఒకరి ఇంటి వాకిట్లో ఆరేళ్లుగా కదలకుండా ఉన్న 1983 నాటి అంబాసిడర్ మార్క్ 4ను దసరా నాటికి నడిచే స్థితికి తెచ్చిపెట్టాలని మా షెడ్డుకు కబురు వచ్చింది. ఆ ఇంట్లో ఏటా ఆయుధపూజ నాడు మొదటి కొబ్బరికాయ ఆ బండికే కొట్టేవారట. బండి ఆగిపోయాక కూడా ఆ అలవాటు మానలేదు గానీ, నడవని బండికి బొట్టు పెట్టి దండ వేయడానికి సారుకు మనసొప్పడం లేదు. పని పెద్దదేమీ కాదు. వెనక బ్రేకులు రెండూ పట్టేశాయి. కుడి వెనక చక్రం లోపలి నుంచి హౌసింగ్ (ఇరుసు గూడు) ఆయిల్ కారి టైరు గోడ మీద నల్లటి చార కట్టింది. వెనక చక్రాలు విప్పి, డ్రమ్ములు ఊడదీసి, లైనింగులు, వీల్ సిలిండర్లు, ఆయిల్ సీలు మార్చి బతుకమ్మ మొదలయ్యేలోగా అప్పగిస్తానని మాటిచ్చాను. ఆ పనిలో అన్నిటికంటే ముందుది, బండి వెనక భాగాన్ని ఇరుసు కింద జాకీ పెట్టి లేపడం. అదే మొదటి రోజు తప్పింది. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. అయితే ఆ తప్పు నా ఫోను మాటతో మొదలైంది కాబట్టి, ఏం జరిగిందో, రెండోసారి ఏం చేశామో ఏదీ దాచకుండా రాస్తున్నాను.

బండి, వాకిలి

అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద హిందుస్తాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారు చేసిన బండి. 2014 మే నెలలో తయారీ ఆగిపోయేదాకా దాని ఎముకల గూడు పెద్దగా మారలేదు. జీపుకు, లారీకి ఉన్నట్టు దీనికి విడి ఛాసిస్ ఉండదు. బాడీ, అడుగు రేకు, పక్కల నిడివిగా సాగే సిల్లులు అన్నీ కలిపి అతికిన ఒకే డొల్ల. అందుకే నలభై ఏళ్ల బండిలో సిల్లు కింద జాకీ పెట్టడానికి నేను వెనకాడతాను. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల తుప్పు తిన్న రేకులోకి జాకీ తల గుచ్చుకుపోవడం చాలాసార్లు చూశాను. వెనకవైపు మాత్రం గట్టి ఆధారం ఒకటుంది. ఎడ్లబండికి ఉన్నట్టే ఒక చక్రం నుంచి రెండో చక్రం దాకా ఒకటే ఇరుసు, దాని రెండు పక్కలా బండి బరువు మోసే ఉక్కు పట్టీల కమాన్ కట్టలు, నడిమధ్యన ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్, దాని చుట్టూ కుండలా ఉబ్బిన గూడు. రాయడానికి వీలుగా ఉంటుందని దీన్ని ఇకపై కుండ అనే అంటాను.

ఇరుసును పట్టి లేపడంలో ఇంకొక లాభం ఉంది. బాడీని పట్టి లేపితే మొదట కమాన్ కట్టలు సాగుతాయి, ఇరుసు కిందికి వేలాడుతుంది, బ్రేకు రబ్బరు గొట్టం బిగుసుకుంటుంది. టైరు నేల విడవడానికే బాడీని నాలుగైదు అంగుళాలు లేపాల్సి వస్తుంది. ఇరుసునే లేపితే కమాన్లు బరువు మోస్తూ ఉన్నచోటే ఉంటాయి, టైరు నొక్కుడు విడిచేంత ఎత్తు లేపితే చాలు, అంగుళం రెండంగుళాల్లో చక్రం గాలిలోకి వస్తుంది. ఎత్తు తక్కువైనకొద్దీ బండి నిలకడగా ఉంటుంది. ఈ బండి మొత్తం బరువు పదకొండు వందల కిలోలకు పైమాటే. అందులో సగానికి కొంచెం తక్కువ వెనక ఇరుసు మీద ఉంటుంది. రెండు టన్నుల ట్రాలీ జాకీకి, అంటే చక్రాల మీద దొర్లే హైడ్రాలిక్ జాకీకి, అది బరువే కాదు. ఈ కేసులో జాకీ బలం చాలకపోవడమనే సమస్య ఏ దశలోనూ రాలేదు.

వాకిలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన వైపు చాలా ఇళ్లలో ఉన్నట్టే అక్కడా షాబాద్ బండలు పరిచారు. బండి వెనక భాగం ఇంటి గోడ వైపు, మూతి గేటు వైపు ఉంది. వాననీళ్లు వాకిట్లో నిలవకుండా గేటు వైపు వాటం ఇచ్చి కట్టారు. కంటికి ఆ వాటం తెలియదు. తర్వాత నేను లెవెల్ గొట్టం పెట్టి కొలిస్తే పది అడుగులకు మూడు అంగుళాలు తేలింది. పదకొండున్నర వందల కిలోల బండి మీద ఆ వాటం లాగే బలం సుమారు 28 కిలోలు, అంటే ఒక సిమెంటు బస్తాలో సగానికి కాస్త ఎక్కువ. ఒక మనిషి వెనక నిలబడి ఆగకుండా నెడుతున్నట్టు లెక్క.

జారిన రోజు

ఆ రోజు పొద్దున నాకు వేరే బండి పని తగిలి, షెడ్డులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లను ట్రాలీ ఆటోలో జాకీతో, పానాల పెట్టెతో పంపాను. పదిన్నరకు పెద్దవాడు ఫోను చేసి మొదలుపెట్టమంటావా అన్నా అని అడిగాడు. వెనక లేపి పెట్టండి, నేనొస్తున్నా అన్నాను. ఆ మాటలో చక్రాలకు పెట్టే అడ్డు దిమ్మల ఊసు లేదు, లేపిన బండిని నిలబెట్టే ఇనుప స్టాండ్ల ఊసు లేదు. ఆటోలో చోటు చాలక స్టాండ్లు షెడ్డులోనే ఉండిపోయాయన్న సంగతి నాకూ అప్పుడు తట్టలేదు.

వాళ్లు పూర్తిగా అజాగ్రత్తగా ఉన్నారని అనలేను. ఎడమ ముందు చక్రానికి, గేటు వైపున, ఒక సగం ఇటుక పెట్టారు. హ్యాండ్ బ్రేకు లాగే ఉంది. ఉండటమేమిటి, ఆరేళ్లుగా వానకూ ఎండకూ లైనింగు డ్రమ్ముకు అతుక్కుపోయింది. నలుగురు కలిసి నెట్టినా కదలని బండి ఎక్కడికి పోతుందని వాళ్ల ధీమా. జాకీని వెనక నుంచి తోసి, కుండ అడుగున దాని తల ఆనించి, రెండు చక్రాలూ నేల విడిచేదాకా కొట్టారు. గాలిలో కూడా చక్రం తిరగడం లేదు కాబట్టి నట్లు అక్కడే విప్పవచ్చనుకున్నారు. చిన్నవాడు కుడి చక్రం దగ్గర వీల్ పానా తగిలించాడు. నట్టు రాకపోతే పానా మీద కాలు పెట్టి తొక్కాడు. రెండో తొక్కుకు బండి గేటు వైపు ఒక్క ఊపు ఊగి, ఇటుకను నలిపేసి, జాకీ మీద నుంచి కింద పడింది. జాకీ పక్కకు తిరగబడింది, దాని కడ్డీ ఎగిరి చిన్నవాడి మోకాలి కింద తగిలింది. వాచింది, ఎక్స్‌రే తీయిస్తే ఎముకకు ఏమీ కాలేదని తేలింది. చక్రాలు ఇంకా ఊడదీయలేదు కాబట్టి బండి టైర్ల మీదే పడింది. ఇంకొక పావుగంట గడిచి ఉంటే ఆ చక్రం గోడకు ఆనించి ఉండేది, ఆ పిల్లవాడి రెండు చేతులూ డ్రమ్ము వెనక బ్రేకు గొట్టం దగ్గర ఉండేవి.

నేను చేరేసరికి సారు వరండాలో నిలబడి ఉన్నారు. "హ్యాండ్ బ్రేకు అంత గట్టిగ పట్టి ఉండంగ బండి ఎట్ల కదిలిందయ్యా?" అని అడిగారు. ఈ కేసు మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

గుర్తులు చెప్పిన సంగతి

సారు ప్రశ్నకు జవాబు సూటిగా ఇంతే. అంబాసిడర్‌లో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలను మాత్రమే. గేరులో వేసి ఉంచినా ఆ పట్టు చేరేది వెనక చక్రాలకే. ఆ రెండు చక్రాలనూ నేల నుంచి విడదీసిన క్షణంలో బండిని ఆపి ఉంచిన బ్రేకు కూడా నేల విడిచిపోతుంది. అది డ్రమ్మును గట్టిగానే పట్టుకొని ఉంటుంది, డ్రమ్ము మాత్రం గాలిలో ఉంటుంది. కింద మిగిలేది స్వేచ్ఛగా తిరిగే రెండు ముందు చక్రాలు, జాకీకి ఉన్న నాలుగు ఇనుప చక్రాలు. వెనక కుండ కింద ట్రాలీ జాకీ పెట్టి లేపిన బండి ఒక తోపుడు బండితో సమానం. ఆరేళ్లు కదలలేదన్న ధైర్యం నేల మీద ఉన్నంతసేపే చెల్లుతుంది.

అయితే తోపుడు బండిలా కదిలితే జాకీ కూడా బండితో పాటే పోవాలి, కుండ దాని తల మీదే ఉండాలి. ఎందుకు జారింది? బండి కింద పాకి చూశాను. కుండ అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న నూనె మట్టి మీద జాకీ తల చేసిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. మొదట, నడిమధ్యన, జాకీ తల పళ్లు దిగిన గుంట. దాని వెనకగా, ఇంటి వైపు, అరంగుళం మేర మెట్లు మెట్లుగా చిన్న చిన్న పళ్ల గాట్లు. అక్కడి నుంచి ఒకే ఒక్క గీత, నా మూడు వేళ్ల వెడల్పు, లోహం తెల్లగా మెరిసేలా గీసుకుపోయి కుండ వెనక వంపు దగ్గర ముగిసింది. నేల మీద జాకీ కుడి ముందు చక్రం నిలిచినచోట షాబాద్ బండ మూల విరిగి గోళీకాయ పట్టేంత గుంట పడింది. దాన్నీ పక్క బండనూ సుత్తి పిడితో తట్టి చూస్తే పక్కది ఖణేలున మోగింది, విరిగినది బొదబొదలాడింది. కింద ఇసుక కుంగి బండ అడుగున బోలు ఏర్పడిందన్నమాట.

ఈ గుర్తులను కలిపి చదివితే వరుస తెలుస్తుంది. ట్రాలీ జాకీ చేయి వెనక మొదలు దగ్గర తిరుగుతూ లేస్తుంది కాబట్టి దాని తల నిట్టనిలువుగా పైకి పోదు. విల్లు వంపులో, కడ్డీ పట్టుకున్న మనిషి వైపుకు జరుగుతూ లేస్తుంది. ఆ జరుగుడుకు సరిపడా జాకీ తన చక్రాల మీద బండి కిందికి దొర్లాలి. దానికి చక్రాలు ఇచ్చింది అందుకే. ఇక్కడ వెనక ఇరుసు బరువు, అయిదు వందల కిలోలకు పైగా, ఎక్కువ పాలు జాకీ ముందు చక్రాలు రెండింటి మీదా పడింది. ఒక్కొక్కటి నేలను తాకేది రూపాయి బిళ్లంత మేర. బోలుగా ఉన్న షాబాద్ బండ ఆ బరువుకు మూల విరిగింది, చక్రం ఆ గుంటలో ఇరుక్కుంది, జాకీ దొర్లడం మానేసింది. అప్పటి నుంచి ఒక్కొక్క కొట్టుకూ తల కుండ మీద కొద్దికొద్దిగా వెనక్కి పాకింది. ఆ మెట్లు మెట్ల గాట్లు అవే. లేపేటప్పుడు కడ్డీ దగ్గరున్న మనిషి చూపు చక్రం ఎంత లేచిందనే దాని మీద ఉంటుంది, తల ఎక్కడ ఆనుతోందో చూడడు.

తర్వాత పానా. బ్రేకు పట్టేయని బండి అయితే గాలిలో ఉన్న చక్రం పానాతో పాటు తిరిగిపోయేది, నట్టు రాకపోయేది, వాళ్లే బండి దించుకొని నట్లు వదులు చేసుకొనేవారు. ఇక్కడ బ్రేకు పట్టేసి ఉండటమే ముప్పు తెచ్చింది. పానా మీద తొక్కిన బలమంతా చక్రం నుంచి డ్రమ్ముకు, డ్రమ్ము నుంచి ఇరుసు హౌసింగ్‌కే చేరింది. కుడి చక్రం నట్టు విప్పే దిశలో తొక్కితే హౌసింగ్ అడుగు భాగం ముందుకు తిరగజూస్తుంది. అంటే కుండ అడుగు జాకీ తల మీద గేటు వైపుకు జారజూస్తుంది. వాటం లాగే దిక్కు అదే, తల అప్పటికే పాకి ఉన్న దిక్కుకు పొసిగేదీ అదే. మూడూ ఒకే వైపు కలిశాయి. కుండ అడుగు చదునుగా ఉండదు, గుండ్రంగా పైకి వంపు తిరుగుతుంది. వంపు మొదలైన చోటికి తల చేరితే ఆపేది ఇంకేమీ లేదు.

ఇటుక గురించి ఒక మాట. ఇటుకను, సిమెంటు దిమ్మను చక్రానికి అడ్డు పెట్టడం గానీ, వాటి మీద బండిని నిలబెట్టడం గానీ నేను ఎక్కడ చూసినా ఆపుతాను. కర్ర నలిగే ముందు కిరకిరమంటుంది, నార విచ్చుతుంది, వంగుతుంది. మనిషి చేయి లాక్కోవడానికి క్షణమైనా ఇస్తుంది. ఇటుక ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పొడి అవుతుంది. మన జిల్లాల్లో గ్రానైటు ముక్కలు అడుగడుగునా దొరుకుతాయి కాబట్టి వాటిని పెట్టేవాళ్లూ ఉన్నారు. గ్రానైటు నలగదు గానీ నున్నటి బండల మీద తానే జారిపోతుంది.

రెండోసారి

మూడు రోజుల తర్వాత అదే వాకిట్లో, అదే జాకీతో, అదే కుండ కింద మళ్లీ లేపాం. పెద్దవాడు, చిన్నవాడు ఇద్దరూ వచ్చారు. రమ్మని నేనే పట్టుబట్టాను.

బండిని ముట్టుకునే ముందు గంటసేపు నేల మీద పని చేశాం. ప్రతి బండనూ సుత్తి పిడితో తట్టి, బోలుగా మోగిన వాటి మీద సుద్దతో గుర్తు పెట్టాం. జాకీ దొర్లే దారి పొడవునా పది మిల్లీమీటర్ల మందం, మూడడుగుల పొడవున్న ఇనుప పలక పరిచాం. బండల సందులు, విరిగిన మూల అన్నీ దాని కిందికి పోయాయి, పలక కింద గోనెసంచి పరిచేసరికి అది జారకుండా నిలిచింది. స్టాండ్లు నిలబెట్టే రెండు చోట్ల కూడా అడుగున్నర చదరపు పలకలు వేశాం. ఇదే పని మట్టి వాకిట్లో చేయాల్సి వస్తే పలక కింద దళసరి చెక్క కూడా ఉండాలి. రేగడి నేలయితే వానాకాలంలో అసలు ఆ పని పెట్టుకోకపోవడమే మేలు. ఎండాకాలంలో తారు రోడ్డు మీద కూడా ఇదే బాధ. 44, 45 డిగ్రీల ఎండలో మెత్తబడిన తారులోకి స్టాండు కాళ్లు గంటలోపే దిగబడతాయి, నాలుగూ ఒకే లోతు దిగవు.

ముందు చక్రాలకు నల్లతుమ్మ దిమ్మలు పెట్టాం. ఎడ్లబండ్ల పనికి వాడే ఆ కర్ర సులభంగా నలగదు. ఏటవాలుగా కోసి, అడుగున పాత టైరు ముక్క మేకులతో కొట్టించాను. రెండు ముందు చక్రాలకూ, ఒక్కొక్కదానికి ముందొకటి వెనకొకటి, మొత్తం నాలుగు. వాటం గేటు వైపే కదా, వెనకవైపు ఎందుకన్నా అని పెద్దవాడు అడిగాడు. జాకీ లేచేటప్పుడు తల ఇంటి వైపుకు లాగుతుంది, దించేటప్పుడు గేటు వైపుకు నెడుతుంది. దిమ్మ ఒకవైపే ఉంటే రెండోవైపు సందు ఏర్పడుతుంది, ఆ సందే తర్వాత ఊపుగా మారుతుంది. దిమ్మలను సుత్తితో తట్టి టైరుకు కరిచేలా బిగించాం. ముందు టైర్లలో గాలి లేక చదునుగా ఉన్నాయి. వాటికి గాలి కొట్టాకే దిమ్మలు పెట్టాం. గాలి లేని టైరు బండిని కొంత పట్టి ఉంచుతుందన్నది నిజమే గానీ ఆ పట్టును నమ్ముకొని పని చేయకూడదు.

చక్రాల నట్లను బండి నేల మీద ఉండగానే ఒక్కొక్క చుట్టు వదులు చేశాం. తొక్కాల్సిన తొక్కుడంతా అప్పుడే అయిపోయింది.

తర్వాత కుండ అడుగును డీజిలు గుడ్డతో లోహం కనిపించేదాకా తుడిచాం. నూనె మట్టి మీద జాకీ తల పళ్లు దిగినట్టే ఉంటాయి గానీ అవి పట్టింది మట్టినే. అడుగున ఆయిల్ తీసే ప్లగ్గు ఉంటుంది. తల దాని మీద పడితే ప్లగ్గు తలైనా అరుగుతుంది, బరువంతా ఆ చిన్న బొడిపె మీదైనా నిలుస్తుంది. కుండ వంపుకు తగినట్టు లోపలికి దొలిచిన కర్ర దిమ్మ ఒకటి చేయించి జాకీ తలలో కూర్చోబెట్టాను. ఇప్పుడు ఇనుము మీద ఇనుము ఆనదు, గుండ్రటి అడుగు పల్లంలో కూర్చుంటుంది. ఈ దిమ్మకు అరగంట పని కూడా పట్టదు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తూ అది లేకుండానే ఎన్నో బండ్లు లేపాను, ఈ కేసు తర్వాత మాత్రం షెడ్డులో అది జాకీతో పాటే ఉంటోంది.

లేపడం మొదలయ్యాక కడ్డీ దగ్గర పెద్దవాడు, పక్కన నేల మీద పడుకొని, బండి కిందికి ఏ అవయవమూ పెట్టకుండా, టార్చి వేసి తలను చూస్తూ నేను. నాలుగు కొట్లకు ఒకసారి ఆపి, జాకీ దొర్లిందా, దిమ్మ కుండ మధ్యనే ఉందా అని చూసి, ఉందంటేనే మళ్లీ కొట్టనిచ్చాను. పలక మీద జాకీ ఇంటి వైపు నుంచి గేటు వైపుకు అంగుళంన్నర దొర్లడం సుద్ద గీత దగ్గర కళ్లారా కనిపించింది. మొదటిసారి జాకీ ఇలా పూర్తిగా దొర్లలేక, దొర్లని మేర దాని తల కుండ మీద పాకింది.

స్టాండ్లను ఇరుసు గొట్టాల కింద, కమాన్ కట్టల యు బోల్టులకు కాస్త లోపలగా పెట్టాం. రెండింటి మధ్య ఎంత ఎడం ఉంటే అంత నిలకడ. కుండ దగ్గరగా పెడితే జాకీ మీద నిలబెట్టినదానికీ దీనికీ తేడా ఉండదు. ఇరుసు గొట్టం వెంబడి బ్రేకు పైపు, హ్యాండ్ బ్రేకు కడ్డీ పోతుంటాయి, స్టాండు తల వాటిని నలపకూడదు. తల చదునుగా ఉన్న స్టాండు మీద గుండ్రటి గొట్టం దొర్లుతుంది కాబట్టి దోనెలా పల్లం ఉన్న తలే కావాలి. పళ్ల మీట ఉన్న స్టాండు కంటే అడ్డంగా ఉక్కు పిన్ను దూర్చే రకాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. పిన్ను పూర్తిగా అవతలికి వచ్చిందో లేదో వేలితో తడిమి తెలుసుకోవచ్చు.

జాకీని మెల్లగా వదిలి బరువును స్టాండ్ల మీదికి దించాక, ఎవరినీ దగ్గరికి రానీయకుండా, నేను వెనక బంపరు పక్కన నిలబడి రెండు చేతులా అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపాను. పడేదేదో ఉంటే అప్పుడే పడాలి. కదల్లేదు. అప్పుడు జాకీని మళ్లీ కుండకు తగిలీ తగలనట్టు లేపి అలాగే ఉంచాం, విప్పిన చక్రాలను రెండు పక్కలా సిల్లు కిందికి పడుకోబెట్టాం. హైడ్రాలిక్ జాకీ లోపల బరువును మోసేది నూనె, ఆ నూనెను ఆపేది ఒక చిన్న రబ్బరు సీలు. దాన్ని తోడుగా ఉంచుకోవాలి గానీ దాని కింద తల పెట్టకూడదు.

పడిన బండికి ఏమైంది

సారుకు ఇంకొక బెంగ ఉంది, ఇరుసు వంగిందేమోనని. దాన్ని కొలిచి తేల్చవచ్చు. బండి టైర్ల మీద ఉండగా, వెనక టైర్ల మధ్య దూరాన్ని ఇరుసు ఎత్తులో ముందు అంచుల దగ్గర ఒకసారి, వెనక అంచుల దగ్గర ఒకసారి కొలిచాం. రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. పాత టైర్ల వంకరకే అంత తేడా వస్తుంది. కమాన్ ముందు కన్ను నుంచి ఇరుసు దాకా రెండు పక్కలా కొలిస్తే సమానంగా ఉంది, అంటే కమాన్ కట్ట మీద ఇరుసును దాని చోట నిలిపే సెంటర్ బోల్టు తెగలేదు, ఇరుసు తన చోటి నుంచి జరగలేదు. జాకీ తిరగబడినప్పుడు దాని చేయి తగిలి కుడి వైపు బ్రేకు పైపు మాత్రం ఒకచోట చప్పిడి అయింది. దాన్ని తీసి కొత్తది వేశాం.

డ్రమ్ములు ఊడిరావడానికి ఒక పూట పట్టింది. అడ్జస్టర్లు వెనక్కి తిప్పి, తుప్పు నూనె పట్టించి, చుట్టూ చెక్క సుత్తితో తట్టితే ఎడమది వచ్చింది, కుడిది మర్నాడు వచ్చింది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదనీయలేదు, తడి గుడ్డతో తుడిపించి ఆ గుడ్డలను సంచిలో కట్టించాను. నోటికి గుడ్డ లేకుండా ఊదుతున్న కుర్రాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. నాకు అది జాకీ కంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఇదే పద్ధతిని వేరే బండికి తీసుకుపోయే ముందు ఆ బండి కిందికి ఒకసారి తొంగి చూడాలి. అంబాసిడర్‌కే ముందువైపు ఇలాంటి ఇరుసు లేదు; అక్కడ మెలిపడి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్లతో విడివిడిగా కదిలే చేతులుంటాయి, కాబట్టి ముందు లేపాలంటే అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్‌ను గానీ, ఒక చక్రానికైతే కింది చేయి చివరను గానీ చూసుకోవాలి; ఇంజను ఆయిల్ సంపు కింద జాకీ పెట్టకూడదు. స్టాండర్డ్ హెరాల్డ్ కారులో వెనక కూడా ఒకటే ఇరుసు ఉండదు, మధ్య భాగాన్ని లేపితే చక్రాలు కిందికి వేలాడి లోపలికి ముడుచుకుంటాయి. పాత జీపుకు ముందూ వెనకా గట్టి ఇరుసులే గానీ ముందు కుండ నడిమధ్యన ఉండదు, ఒక పక్కకు ఉంటుంది, దాని కింద లేపితే బండి రెండో పక్కకు వాలుతుంది. పైగా చాలా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు పట్టేది చక్రాలను కాదు, ముందు వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక తిరిగే షాఫ్టును. అలాంటి జీపులో ఒక్క వెనక చక్రాన్ని లేపినా చాలు, డిఫరెన్షియల్ ద్వారా నేల మీది చక్రం ముందుకూ, గాలిలోది వెనక్కూ తిరిగి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి ఉండగానే జీపు వాటానికి దొర్లిపోతుంది.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు పని పూర్తయింది. చక్రాలు బిగించి, లేపిన వరుసకు సరిగ్గా తిరగేసి దించాం. నట్ల చివరి బిగింపు నేల మీద చేశాం. సారు స్టీరింగు ముందు కూర్చున్నారు. బండి న్యూట్రల్‌లో ఉంది, ఇంజను వేయలేదు. బ్రేకు మీద కాలు ఉంచమని చెప్పి, కుర్రాళ్లిద్దరూ నాలుగు దిమ్మలూ లాగేశాక, హ్యాండ్ బ్రేకు దించి కాలు మెల్లగా తీయమన్నాను. ఎవరూ చేయి వేయలేదు. టైర్ల కింద ఆరేళ్ల దుమ్ము చిన్నగా కరకరలాడింది, బండి తనంతట తాను గేటు వైపుకు కదలడం మొదలుపెట్టింది. రెండడుగులు పోనిచ్చి సారు బ్రేకు తొక్కారు, బండి ఆగింది. ఆయన అద్దంలోంచి తల బయటికి పెట్టి, కింద వాకిలిని కాసేపు చూసి, హ్యాండ్ బ్రేకు లాగారు.